శామీర్‌పేట గ్రామ అధ్యయనం

శామీర్‌పేట గ్రామ అధ్యయనం అనునది 1951-52 లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు అధ్యాపకులు, విద్యార్థులు హైదరాబాదు సమీపాన గల శామీర్‌పేట గ్రామంలో జరిపిన సామాజిక పరిశోధన. విశ్వవిద్యాలయం చేపట్టిన సాంఘిక సేవా విస్తరణ పథకంలో భాగంగా ఈ పని జరిగినది. దీనికి నాయకత్వం వహించిన సమాజశాస్త్ర, మానవశాస్త్ర అధ్యాపకుడు శ్యామాచరణ్ దూబే, అక్కడ సేకరించిన వివరాల ఆధారంగా "ఇండియన్ విలేజ్" అనే ఆంగ్ల గ్రంథాన్ని రచించాడు. 1955 లో లండనులోని రౌట్‌లెడ్జ్ అండ్ కేగన్ పాల్ సంస్థ దానిని ప్రచురించింది. స్వతంత్ర భారతదేశంలో ఒకే గ్రామాన్ని సమగ్రంగా వర్ణించిన తొలి గ్రంథాలలో ఇది ఒకటి. తెలంగాణ పల్లె ఒకటి దేశవిదేశాలలోని సమాజశాస్త్ర తరగతులకు పరిచయమైనది ముఖ్యంగా ఈ గ్రంథం వలననే.

ఒకే విశ్వవిద్యాలయం వారు ఒకే ఊరిలో, ఒకే కాలంలో సేవ చేయుటకూ, ఆ ఊరిని గురించి తెలుసుకొనుటకూ పూనుకొనడం ఈ అధ్యయనపు ప్రత్యేకత. సాధారణంగా సమాజశాస్త్రం, సమాజ సేవ వేర్వేరు విద్యలుగా బోధింపబడుతున్నవి. సమాజశాస్త్రం సంఘం ఏ విధంగా నడుస్తున్నదో చెప్పడానికి ప్రయత్నిస్తుంది. సమాజ సేవ కష్టంలో ఉన్న వ్యక్తికి, కుటుంబానికి, వాడకు చేయూతనిచ్చే వృత్తి. మన దేశంలో ఈ వృత్తికి శిక్షణ 1936 లో బొంబాయిలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ సంచాలకుడుగా స్థాపించబడిన సర్ దొరాబ్జీ టాటా విద్యాలయంతో మొదలైనది. అదే 1944 నుండి టాటా సమాజ విజ్ఞాన సంస్థ అనే పేరుతో ప్రసిద్ధి చెందినది. పలు కళాశాలలలోనూ, విశ్వవిద్యాలయాలలోనూ ఈ రెండు విద్యలు ఒకే శాఖ కింద ఉన్నాయి. ఒకే శాఖలో ఉన్నంత మాత్రాన అవి ఎంతవరకు పొసగుతాయన్నది వేరే విషయం. శామీర్‌పేట అనుభవం ఈ విషయంపై కొంత వెలుగు ప్రసరింపజేస్తుంది.

నేపథ్యం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 లో ఉర్దూ బోధనా భాషగా ప్రారంభమైనది. జర్మనీలో శిక్షణ పొందివచ్చిన జాఫర్ హసన్ ఇక్కడి తొలితరం సమాజశాస్త్ర ఆచార్యులలో ప్రముఖుడు. అయితే ఊళ్ళకు, గూడేలకు వెళ్ళి అక్కడే ఉండి పరిశోధించే సంప్రదాయం హైదరాబాదు రాజ్యంలో బలపడటానికి మరొక వ్యక్తి ముఖ్య కారకుడు. ఆయన వియన్నాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ (1909-1995).

రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైనపుడు హైమెండార్ఫ్ భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశపు పౌరుడు కనుక స్వేచ్ఛగా తిరగడానికి వీలు లేకపోయినది. నిజాం రాజ్యం పరిధిలో ఉండి పరిశోధన చేసుకొనుటకు మాత్రం ఆయనకు అనుమతి లభించినది. ఈ నిర్బంధం ఒక విధంగా తెలుగునాటి గిరిజనుల చరిత్రకు మేలే చేసింది. నల్లమల చెంచులపై 1943 లోనూ, గోదావరి లోయలోని కొండరెడ్లపై 1945 లోనూ, ఆదిలాబాదు రాజగోండులపై 1948 లోనూ ఆయన గ్రంథాలు వెలువడ్డాయి.

1940 లో జోడేఘాట్ వద్ద కొమరం భీమ్ మరణించిన తరువాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలియజేయవలసినదిగా నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను కోరినది. భూములు అన్యాక్రాంతం కావడం, అటవీ సిబ్బంది వేధింపులు, పరాయి భాషలో నడిచే కచేరీలు - ఇవి ఆయన గుర్తించిన కారణాలలో ముఖ్యమైనవి. పరిశోధకుడు నివేదిక సమర్పించి ఊరుకోలేదు. 1943 లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఆయన చొరవతో మొదలైనది. గోండి భాషలో వాచకాలు తయారైనవి. తరువాత ఆయన ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల వ్యవహారాల సలహాదారుగానూ, ఉస్మానియాలో ఆచార్యుడుగానూ ఏకకాలంలో పనిచేశాడు. అనగా పాఠం చెప్పేవాడు, పరిశోధించేవాడు, పాలనకు సలహా ఇచ్చేవాడు ఒక్కడే. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987 లో హైదరాబాదులో మరణించగా ఆమె భౌతికకాయాన్ని మార్లవాయిలోనే ఖననం చేశారు. ఆ గ్రామం ప్రస్తుతం కుమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలో ఉన్నది.

హైమెండార్ఫ్ హైదరాబాదును విడిచి లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల విద్యాలయంలో స్థిరపడ్డాడు. ఉస్మానియాలో క్షేత్ర పరిశోధన కొనసాగినది, కానీ దృష్టి గూడెం నుండి పల్లె వైపునకు మరలినది.

శ్యామాచరణ్ దూబే

దూబే 1922 జూలై 25న నేటి మధ్య ప్రదేశ్ ప్రాంతంలో జన్మించాడు. నాగపూరు విశ్వవిద్యాలయంలో చదివి, ఛత్తీస్‌గఢ్ అడవులలోని కమార్ తెగపై పరిశోధన చేశాడు. ఆ గ్రంథం 1951 లో అచ్చయినది. అంతకుముందే ఛత్తీస్‌గఢీ జానపద గీతాలను సేకరించి ప్రకటించాడు. నాగపూరులోని హిస్లాప్ కళాశాలలోను, లక్నో విశ్వవిద్యాలయంలోను కొంతకాలం బోధించిన తరువాత ఉస్మానియాకు వచ్చాడు. శామీర్‌పేట పని మొదలయ్యేనాటికి ఆయన వయస్సు ముప్ఫై సంవత్సరాలు కూడా నిండలేదు.

ఆయన భార్య లీలా దూబే (1923-2012) కూడా మానవశాస్త్రవేత్త. గోండు స్త్రీలపై డాక్టరేటు పొందినది. తరువాతి కాలంలో లక్షదీవుల ముస్లింలలోని మాతృవంశ వ్యవస్థపై ఆమె రచించిన గ్రంథం (1969), బంధుత్వంలో స్త్రీ స్థానాన్ని గురించిన వ్యాసాలు సుప్రసిద్ధాలు. భారతదేశంలో స్త్రీల స్థితిగతులపై ప్రభుత్వం నియమించగా 1974 లో నివేదిక సమర్పించిన సంఘంలో ఆమె సభ్యురాలు.

సేవా విస్తరణ పథకం

ఈ పథకం మొదలైన కాలాన్ని గమనించడం అవసరం. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైనది. 1949 లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 లో కౌలుదారుల రక్షణకు హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చినది. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో విరమించబడినది. 1952 లో తొలి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. దేశవ్యాప్తంగా సమాజ వికాస పథకం ఇంకా ఆరంభం కాలేదు. విశ్వవిద్యాలయంలోనూ పాత వ్యవస్థ పోయి కొత్తది కుదురుకుంటున్నది. అటువంటి సమయంలో చదువుకున్నవారు పల్లెకు తమ వంతు ఏమి చేయగలరన్న ఆలోచన నుండి ఈ పథకం రూపొందినది.

వైద్యం, వ్యవసాయం, పశువైద్యం మొదలగు విభాగాలకు చెందిన అధ్యాపక, విద్యార్థి బృందాలు ఊరికి వెళ్ళి తమ తమ విద్యలకు సంబంధించిన సేవలు చేయడం, సమాజశాస్త్ర బృందం ఆ ఊరి నిర్మాణాన్ని పరిశీలించడం - స్థూలంగా పథకపు స్వరూపం ఇది. శామీర్‌పేట సికింద్రాబాదు నుండి కరీంనగర్ వెళ్ళే రహదారిపై ఉన్నది. నగరం నుండి బృందాలు వచ్చి పోవడానికి వీలైనంత దగ్గర. ఊరు తన స్వభావాన్ని కోల్పోనంత దూరం. పలు కులాలవారు, హిందువులు, ముస్లింలు కలిసి నివసించే పెద్ద గ్రామం. గొప్ప చెరువు ఉన్నది. తెలంగాణ పల్లెకు ఉండవలసిన అంగాలన్నీ ఇక్కడ ఉన్నవి.

పరిశోధన జరిగిన తీరు

గిరిజన గూడెంలో చేసే అధ్యయనానికీ, ఇటువంటి గ్రామంలో చేసే అధ్యయనానికీ చాలా భేదం ఉన్నది. గూడెంలో ఒకే తెగ ఉంటుంది. ఆచారాలు దాదాపు అందరికీ ఒక్కటే. బహుకుల గ్రామంలో ఒక్క పెళ్ళి తంతును తెలుసుకోవలెనన్నా ప్రతి కులంలోనూ విడివిడిగా విచారించాలి. ఒక కులం వారు మరొక కులాన్ని గురించి చెప్పే మాట, ఆ కులం వారు తమ గురించి తాము చెప్పుకొనే మాట ఒకటి కావు. కావున ఈ పనికి ఒక్క పరిశోధకుడు చాలడు, బృందం కావాలి. పైగా దూబే భాష హిందీ. ఊరి భాష తెలుగు, కొన్ని ఇళ్ళలో ఉర్దూ.

ఇటువంటి అధ్యయనాలలో మొదట ఇంటింటి గణన చేస్తారు. ఎవరి ఇంట ఎందరు ఉన్నారు, ఏ కులం, ఎంత భూమి, ఏ వృత్తి అన్న వివరాలు ఇందులో చేరుతాయి. పిదప వంశావళులు వ్రాసుకుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ ఊరి నుండి పిల్లను తెచ్చారో, ఏ ఊరికి ఇచ్చారో దీనివలన తెలుస్తుంది. కొందరి జీవిత కథలను వారి నోటనే విని నమోదు చేస్తారు. పండుగలకు, పంచాయితీలకు, చావులకు, పెళ్ళిళ్ళకు హాజరై కళ్ళతో చూసినది వ్రాసుకొనడం వీటన్నిటికంటే ముఖ్యం. ఎందుకనగా, జనం "మా పద్ధతి ఇది" అని చెప్పేదానికీ, నిజంగా జరిగేదానికీ మధ్య ఎడం ఉంటుంది. ఉమ్మడి కుటుంబమే ఇందుకు తగిన ఉదాహరణ. అన్నదమ్ములు కలిసి ఉండడమే మర్యాద అని గ్రామస్థులు చెప్పినప్పటికీ, పెళ్ళయిన కొన్నేళ్ళకే కొడుకులు వేరు పడటం అక్కడ సర్వసాధారణమని దూబే గుర్తించాడు. కేవలం ప్రశ్నపత్రంతో వెళ్ళినవారు మొదటి మాటనే వ్రాసుకుని తిరిగి వచ్చేవారు.

గ్రంథంలోని విషయాలు

"ఇండియన్ విలేజ్" గ్రంథానికి అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మోరిస్ ఓప్లర్ పీఠిక వ్రాశాడు. ఊరి నైసర్గిక స్వరూపంతో మొదలై సామాజిక, ఆర్థిక నిర్మాణాలు, కర్మకాండ, కుటుంబ బంధాలు, జీవన ప్రమాణాలు, కలిసిమెలిసి బ్రతికే తీరు మీదుగా మారుతున్న పరిస్థితుల వర్ణనతో గ్రంథం ముగుస్తుంది. భాష సరళంగా ఉంటుంది. సిద్ధాంత చర్చ తక్కువ, వర్ణన ఎక్కువ. సమాజశాస్త్రం చదవని పాఠకుడు కూడా సులభంగా చదువగలిగిన పుస్తకమిది.

కులాల వర్ణన ఇందులో విస్తారమైనది. బ్రాహ్మణులు, కోమట్లు, కాపులు, ముత్తరాసులు, గొల్లలు, సాలెలు, గౌండ్లు, కుమ్మరులు, చాకళ్ళు, మంగళ్ళు, వడ్డెరలు, ఎరుకలు, పిచ్చకుంట్లు, మాలలు, మాదిగలు, వీరుగాక పంచబ్రహ్మలుగా పిలువబడే అవుసుల, వడ్ల, కమ్మరి, కంచరి మొదలగు పనివారు - ఒకే ఊరిలో ఇందరు. వీరి మధ్య హెచ్చుతగ్గుల వరుస ఒక నిచ్చెన మెట్ల వలె స్పష్టంగా ఉండదని ఈ గ్రంథం చూపినది. పై అంచు, కింది అంచు గురించి అందరిదీ ఒకే మాట. నడిమి వరుసలలోనే వివాదాలు. పంచబ్రహ్మలు తాము బ్రాహ్మణులతో సమానులమని భావిస్తారు, తక్కినవారు ఒప్పుకోరు. అస్పృశ్యులుగా ఊరి వెలుపల ఉంచబడిన మాల, మాదిగల మధ్య సైతం ఎక్కువ తక్కువల పట్టింపు ఉన్నది.

కులం ఒక్కటే మనిషి స్థానాన్ని నిర్ణయించదన్నది గ్రంథంలోని మరొక ముఖ్యమైన పరిశీలన. మతం, కులంతో పాటు భూమి, సంపద, ప్రభుత్వ ఉద్యోగం లేక గ్రామాధికారం, వయస్సు, చివరగా వ్యక్తి స్వభావంలోని విశిష్టత - ఈ ఆరింటి కలయికను బట్టి ఊరిలో ఒకరి మాట చెల్లుబాటు అవుతుందని దూబే చెప్పినాడు. ఈ సూత్రం ఇప్పటికీ పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. శామీర్‌పేటలో దేశ్‌ముఖ్ కుటుంబానికి ఉన్న పలుకుబడి దీనికి ఉదాహరణ. తగాదాలు తీర్చుటలో దేశ్‌ముఖ్ మాటయే చివరి మాట. పటేలు, పట్వారీ ప్రభుత్వపు లెక్కలు, శాంతిభద్రతలు చూసేవారు. ప్రతి కులానికీ తన సొంత పంచాయితీ ఉన్నది. దాని పరిధి ఒక ఊరితో ఆగక చుట్టుపక్కల ఊళ్ళకు వ్యాపించేది. అందువలన ఊరు ఒంటరి ద్వీపం కాదనీ, పెళ్ళి సంబంధాలు, కుల కట్టుబాట్లు, సంతలు, కచేరీల ద్వారా నలుదిక్కులతో ముడిపడి ఉన్నదనీ దూబే వివరించాడు.

ఆర్థిక నిర్మాణాన్ని గూర్చిన భాగం తెలుగు పాఠకులకు పరిచితమైన లోకమే. వడ్లవాడు నాగలి చేస్తాడు, కమ్మరి కర్రు సాగగొడతాడు, మాదిగ మోట తోలు, చెప్పులు కుడతాడు, చాకలి, మంగలి, కుమ్మరి తమ తమ పనులు చేస్తారు. పనికి వెంటనే పైకం ఉండదు; పంట నూర్చిన నాడు కళ్ళంలో ధాన్యం కొలిచి ఇస్తారు. ఉత్తర భారతంలో జజ్‌మానీ అని పిలువబడే వ్యవస్థకు ఇది సమీపంగా ఉంటుంది.

కర్మకాండను వర్ణిస్తూ, పల్లె హిందూమతం శాస్త్ర గ్రంథాలలోని తత్త్వ విచారం కాదనీ, వ్రతాలు, విందులు, పండుగలు, పుట్టుక మొదలు చావు వరకు జరిపే తంతులే దానికి ప్రాణమనీ దూబే అభిప్రాయపడ్డాడు. పోచమ్మ, మైసమ్మ వంటి గ్రామదేవతలకు చేసే కొలుపులలో ఊరంతటికీ పాత్ర ఉంటుంది. ఏ కులం ఏ పని చేయాలో కూడా నిర్ణయమై ఉంటుంది. కనుక జాతర ఊరిని కలుపుతుంది, కలుపుతూనే ఎవరి స్థానం ఏదో మళ్ళీ గుర్తు చేస్తుంది.

సేవకూ పరిశోధనకూ మధ్య

సేవ చేసే బృందం ఊరిలో ఉండడం పరిశోధకునికి ఒక పెద్ద సౌకర్యం. అపరిచితుడు పలక పట్టుకుని వచ్చి "నీకు ఎంత భూమి ఉన్నది, ఎంత అప్పు ఉన్నది" అని అడిగితే రైతు ఎందుకు చెప్పాలి? పన్ను పెంచడానికో, లెవీ ధాన్యం వసూలుకో వచ్చినాడని అనుమానించడం సహజం. 1951 నాటి తెలంగాణలో ఈ అనుమానానికి కారణాలు చాలానే ఉన్నవి. బిడ్డకు మందు ఇచ్చిన వైద్యునితో, ఎద్దుకు చికిత్స చేసిన పశువైద్యునితో కలిసి వచ్చిన వాడైతే మాట వేరు. ఊరికి ఎందుకు వచ్చావన్న ప్రశ్నకు గ్రామస్థునికి అర్థమయ్యే జవాబు ఉన్నది.

అయితే ఇందులోనే ఒక చిక్కు ఉన్నది. మేలు ఆశించేవాడు మేలు చేయగలవాడికి నచ్చే మాటనే చెప్పే అవకాశం ఉంది. మందు తీసుకున్నవాడు "మీ మందు పనిచేయలేదు, భూతవైద్యుని వద్దకు పోయినాను" అని ఆ వైద్యుని మిత్రునికే చెప్పడానికి సంకోచిస్తాడు. మరొక చిక్కు ఇంకా లోతైనది. ఉన్నదాన్ని మార్చడానికి ఒక బృందం ప్రయత్నిస్తుండగా, ఉన్నదాన్ని ఉన్నట్లు వ్రాయాలని మరొక బృందం ప్రయత్నిస్తుంది. సేవకునికి తొందర ఉంటుంది. పరిశోధకునికి ఓపిక ఉండాలి. శామీర్‌పేటలో ఇద్దరూ ఒకే చోట ఉన్నారు.

ఈ రెండింటిలో పరిశోధన ఫలితమే నిలిచినదన్నది చరిత్ర. ఎన్ని వ్యాక్సిన్లు వేశారో, ఎన్ని ఎద్దులు బ్రతికాయో నేడు ఎవరూ చెప్పుకోరు. గ్రంథం మాత్రం మిగిలినది. విశ్వవిద్యాలయాలు చేసే సేవ తరచుగా విద్యాసంవత్సరంతో, నిధులతో ముగుస్తుంది. మార్లవాయితో పోల్చినపుడు ఈ తేడా స్పష్టమవుతుంది. అక్కడ శిక్షణ పొందిన గోండు ఉపాధ్యాయులు అక్కడే ఉండిపోయినారు. హైమెండార్ఫ్ దంపతులు దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వెళ్ళివచ్చారు. 1982 నాటి ఆయన గ్రంథంలో ఆదిలాబాదు గిరిజనుల భూములు తిరిగి చేజారిపోతున్న తీరును చేదుగానే వ్రాశాడు. మేలు చేసినవాడే తన మేలు నిలవలేదని నమోదు చేయడం అరుదైన విషయం.

రెండవ గ్రంథం

సేవ ఫలితాలను గురించి దూబే లేవనెత్తిన ప్రశ్నలకు సమాధానం శామీర్‌పేటలో కాక పశ్చిమ ఉత్తర ప్రదేశ్‌లో లభించినది. 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో సమాజ వికాస పథకం దేశమంతటా ప్రారంభమైనది. దీనికి 1948 లో ఆల్బర్ట్ మేయర్ మార్గదర్శనంలో ఇటావాలో జరిగిన ప్రయోగం ఒక నమూనా. కార్నెల్ విశ్వవిద్యాలయపు భారత కార్యక్రమంలో భాగంగా దూబే ఈ పథకం అమలవుతున్న రెండు గ్రామాలను పరిశీలించాడు. వాటి అసలు పేర్లు ఇవ్వక రాజపుత్ గ్రామం, త్యాగి గ్రామం అని వ్యవహరించాడు. ఆ పరిశీలన ఫలితమే 1958 లో వెలువడిన "ఇండియాస్ చేంజింగ్ విలేజెస్".

వ్యవసాయ విస్తరణ సేవల వలన కలిగిన లాభంలో దాదాపు 70 శాతం ఊరి పెద్దలకు, కలిగిన రైతులకే చేరినదని ఇందులో దూబే తేల్చినాడు. ఆరంభమై కొద్ది ఏళ్ళు కూడా కాని, ప్రభుత్వం ఎంతో ఆశ పెట్టుకున్న పథకాన్ని గురించి ఈ మాట చెప్పుటకు ధైర్యం కావాలి. కారణం ఎవరో దొంగిలించారని కాదు. గ్రామ సేవకుడు ఊరికి వచ్చినపుడు ఎవరి అరుగుపై కూర్చుంటాడు? మంచి మాట చెప్పి, మంచినీరు ఇచ్చి, నాలుగు ఎకరాలు ప్రయోగానికి ఇవ్వగలిగిన వాని అరుగుపైననే. మేలిరకపు విత్తనం, ఎరువు, అప్పు కూడా ఆ అరుగు వద్దనే ఆగిపోతాయి.

శ్రమదానాన్ని గురించి ఆయన వ్రాసినది మరింత ఆసక్తికరం. రోడ్లు వేయడానికి ఊరందరూ స్వచ్ఛందంగా శ్రమించాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. పెద్దలు పర్యవేక్షించి పేరు తెచ్చుకున్నారు. మంచి రోడ్డు వలన బండ్లు ఉన్న వారికే లాభం. కూలివారు మట్టి మోసి ఆ రోజు కూలి పోగొట్టుకున్నారు. చట్టంతో రద్దయిన బేగారు మరొక పేరుతో తిరిగి వచ్చినదని వారు తలచినారు. బేగారు అనగా మన తెలంగాణలోని వెట్టి వంటిదే. వెట్టికి వ్యతిరేకంగా పోరాటం జరిగిన నేలపై పనిచేసి వెళ్ళిన పరిశోధకునికి ఈ సంగతి కంటబడడంలో ఆశ్చర్యం లేదు.

విస్తరణ సిబ్బంది తెచ్చిన కొత్త రకం గోధుమ విషయంలోనూ ఇటువంటి పాఠమే ఉన్నది. దిగుబడి బాగానే ఉన్నా రొట్టె రుచిగా లేదని ఇంటి ఆడవారు, గడ్డిని పశువులు ఇష్టపడటం లేదని రైతులు చెప్పారు. ఎకరాకు ఎన్ని మణుగులు అన్నదొక్కటే లెక్క కాదు. పొయ్యి వద్ద, గాటి వద్ద కూడా తీర్పు జరుగుతుంది. పథకం వేసేవారు స్త్రీలను అడిగి ఉంటే ఈ సంగతి ముందే తెలిసేది.

విమర్శలు

1955 ను భారతీయ గ్రామ అధ్యయనాలకు పంట సంవత్సరం అనవచ్చు. దూబే గ్రంథంతో పాటు ఎం.ఎన్. శ్రీనివాస్ సంపాదకత్వంలో "ఇండియాస్ విలేజెస్", మెకిమ్ మారియట్ సంపాదకత్వంలో "విలేజ్ ఇండియా" ఆ ఏడాదే వచ్చాయి. మొదటి సంకలనంలో దూబే వ్యాసం కూడా ఉన్నది. ఈ వెల్లువపై రెండేళ్ళకే తీవ్రమైన విమర్శ వచ్చినది. గ్రామం అనేది ఇళ్ళు ఒకచోట ఉన్న స్థలం మాత్రమేననీ, కులం, బంధుత్వాలే అసలైన సామాజిక వాస్తవాలనీ లూయీ ద్యూమో, డేవిడ్ పోకాక్ 1957 లో వాదించారు. "మా ఊరు" అన్న మాటకు తెలుగువాని మనసులో ఉన్న బరువును తూచితే ఈ వాదం అతిగా తోస్తుంది. కానీ ఊరు ఒక్కటే మాట మీద ఉంటుందన్న కల్పనను ఇది దెబ్బతీసినదనుటలో సందేహం లేదు.

మరొక విమర్శ ఆలస్యంగా వచ్చినా బలమైనది. సురీందర్ జోధ్కా 1998 లో ప్రకటించిన వ్యాసంలో ఈ కాలపు గ్రామ అధ్యయనాలను సమీక్షిస్తూ, పరిశోధకులు సాధారణంగా అగ్రకులాల పెద్దల ద్వారా ఊరిలో ప్రవేశించారనీ, అందువలన ఊరు వారికి ఆ పెద్దల వైపు నుండే ఎక్కువగా కనిపించినదనీ చూపాడు. మైసూరు ప్రాంతపు గ్రామంలో పనిచేసిన శ్రీనివాస్ కూడా, అగ్రకులాల వారి మధ్య నివసించడం వలన అస్పృశ్యుల వాడతో తనకు పరిచయం తక్కువేనని తరువాత వ్రాసుకున్నాడు. దేశ్‌ముఖ్ మాట చెల్లే ఊరిలో దేశ్‌ముఖ్ అనుమతి లేక ఏ బృందమైనా కుదురుగా పనిచేయగలదా? ఆ అనుమతితో వచ్చినవారికి మాదిగవాడలో వెట్టిని గురించి మనసు విప్పి చెప్పేది ఎవరు? శామీర్‌పేట గ్రంథాన్ని చదివేటపుడు ఈ ప్రశ్నలను పక్కన పెట్టుకుని చదవడం మంచిది. గ్రామసేవకుడు ఎవరి అరుగుపై కూర్చుంటాడన్న ప్రశ్న పరిశోధకునికి కూడా వర్తిస్తుంది.

తరువాతి కాలం

దూబే లండనులో సందర్శక అధ్యాపకుడుగా పనిచేసి, తరువాత సాగర్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర శాఖకు నాయకత్వం వహించాడు. 1972 నుండి 1977 వరకు సిమ్లాలోని భారతీయ ఉన్నత అధ్యయన సంస్థకు సంచాలకుడుగాను, ఆపై జమ్ము విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగాను ఉన్నాడు. హిందీలో సమాజశాస్త్ర రచనలు చేసి మూర్తిదేవి పురస్కారం పొందాడు. 1996 ఫిబ్రవరి 4న మరణించాడు.

శామీర్‌పేట 1978 లో హైదరాబాదు జిల్లా నుండి విడదీసి ఏర్పరచిన రంగారెడ్డి జిల్లాలో చేరినది. 2016 నుండి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో మండల కేంద్రంగా ఉన్నది. హైదరాబాదు బాహ్య వలయ రహదారి ఊరి పక్కగా పోతున్నది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడనే ఉన్నది. ఔషధ, జీవసాంకేతిక పరిశ్రమలు గల జీనోమ్ వ్యాలీ సమీపంలో వెలసినది. సెలవు రోజులలో నగరవాసులు చెరువు చూడటానికి వస్తారు. కళ్ళంలో ధాన్యం కొలిచిన నేలను ఇప్పుడు గజాల లెక్కన అమ్ముతున్నారు. 1951-52 లో పల్లెగా ఎంపికైన ఊరు నేడు నగరపు అంచు. దూబే తన గ్రంథపు చివరి అధ్యాయంలో వర్ణించిన మార్పులకు ఇది కొనసాగింపు కనుక, అదే ఊరిలో, అవే కులాల వారసుల మధ్య మళ్ళీ ఇంటింటి గణనతో మొదలుపెట్టదగిన పని ఇక్కడ చాలా ఉన్నది. ఆ పని చేసే విద్యార్థులకు ఈసారి భాష అడ్డంకి కాబోదు.